సమీకరణ లేఖన చరిత్రము

గణితశాస్త్రమునందు 'సమీకరణము' అను శబ్దము మిక్కిలి ప్రసిద్ధమైనది. సమశబ్దముపైఁ జ్విప్రత్యయము వచ్చి, కృధాతుయోగమున అకారమునకు ఈకారాదేశము కలిగి, భావార్థమున ల్యుట్ప్రత్యయము చేరఁగా నీ రూపము సిద్ధించుచున్నది. చ్విప్రత్యయమున కర్థము అభూతతద్భావము. అనఁగా ముందట్లు లేనిది పిదప నట్లగుట. కాఁబట్టి సమముగాఁ గనఁబడని రెండు పక్షములను సమముగాఁ జేయుటయే సమీకరణమని శబ్దశక్తిచేతనే తేలుచున్నది. అయితే సమత్వము బుద్ధిచే గ్రహింపఁబడునది. దానిని పరునికిఁ దెలుపవలెనన్న వ్రాఁత కావలయును. ఆ వ్రాఁత సామాన్య వాక్యమువలె ఎడమనుండి కుడికి నొక్క వరుసగా సాగునది గాదు. ఘాతాంకము పైకెక్కును; హారము క్రిందికి దిగును; మూలచిహ్నము తన లోపలి పదములనెల్లఁ గప్పును. వరుసగా నడచు లిపియందు ఈ నిలువు నడకను నిలుపుట యెట్లను ప్రశ్న భూర్జపత్రముల నాఁటినుండి నేఁటి కంప్యూటరు వఱకు లేఖకులను వెన్నంటి వచ్చుచున్నది. ఆయా కాలములవారు దానికిఁ జెప్పిన సమాధానముల చరిత్రమే యిందు వివరింపఁబడుచున్నది.

భారతీయ గణితగ్రంథములు ప్రాయికముగాఁ బద్యరూపములు. పద్యమునఁ జిహ్నముల కవకాశము లేదు. సంఖ్యలు సైతము మాటలతోడనే చెప్పఁబడును. మహావీరాచార్యుని గణితసారసంగ్రహము ననుసరించి పావులూరి మల్లన తెనుఁగున రచించిన గణితము నిట్టిదే. మహావీరుఁడు రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున, క్రీ. శ. 9వ శతాబ్దమున, నుండినవాఁడు. మల్లన 11వ శతాబ్దమువాఁడని ప్రసిద్ధి. పద్యము కంఠస్థమగుట కనుకూలమే. కాని లెక్క చేయుటకుఁ బలక కావలయును. పద్యము సూత్రమును నిలిపెను, పలక ప్రక్రియను నడపెను. సంఖ్యలను దగిన చోట్ల నుంచి చూపుటకు న్యాసమని పేరు. పలకమీఁది న్యాసము లెక్క ముగిసినతోడనే తుడుపువడును గాన, దాని రూపము వ్యాఖ్యానములయందును ఉదాహరణములయందును మాత్రమే మిగిలినది.

అట్లు మిగిలినవానిలో బఖ్షాలీ ప్రతి ముఖ్యమైనది. 1881లో పెషావరు ప్రాంతమునందలి బఖ్షాలీ గ్రామమున నిది నేలలో దొరకెను. శారదాలిపిలో వ్రాయఁబడిన 70 భూర్జపత్రముల శేషము ప్రస్తుతము ఆక్స్‌ఫర్డునందలి బోడ్లియన్ గ్రంథాలయమున నున్నది. 2017లో ప్రకటింపఁబడిన రేడియో కార్బన్ పరీక్షయందు వేర్వేఱు పత్రములకు వేర్వేఱు శతాబ్దములు వచ్చుటచేఁ, గాలవిషయమునఁ బండితుల వాదము తీఱలేదు. కాలమెట్లున్నను, అందలి న్యాసపద్ధతి స్పష్టము. సంఖ్యలు గీఁతల గడులలో నుంపఁబడినవి. భిన్నమున అంశము పైని, హారము క్రింద నుండును. నడుమ గీఁత లేదు. తెలియని రాశికి బిందువు గుఱుతు. ఋణరాశికిఁ బిదప నొక యడ్డనిలువు గీఁతల గుఱుతు పెట్టఁబడును. నేఁడు ప్రపంచమంతటను ధనమునకు వాడఁబడు గుఱుతు నా గుఱుతును నొక్కటే పోలికవి. చిహ్నమునకు అర్థము స్వభావసిద్ధము గాదనియు సంకేతాధీనమనియు శాబ్దికులు చెప్పు మాట కింతకంటె మంచి యుదాహరణము దొరకదు.

క్రీ. శ. 628లో బ్రహ్మగుప్తుఁడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున అవ్యక్తరాశులకు వర్ణములను సంజ్ఞలుగాఁ గొనెను. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుని బీజగణితమున నీ పద్ధతి పరిపూర్ణమైనది. మొదటి యవ్యక్తమునకు యావత్తావత్తు అని పేరు, దాని మొదటి యక్షరమగు 'యా' సంజ్ఞ. తరువాతివానికిఁ గాలకము, నీలకము, పీతకము మొదలగు వర్ణనామముల తొలి యక్షరములు 'కా, నీ, పీ' యనునవి సంజ్ఞలు. వ్యక్తసంఖ్యకు 'రూ', అనఁగా రూపము. వర్గమునకు 'వ', ఘనమునకు 'ఘ'. ఋణరాశి మీఁద నొక బిందువు. రెండు పక్షములు ఒకదాని క్రింద నొకటి వ్రాయఁబడును. సజాతీయ పదములు ఒకే నిలువు వరుసలో నుండవలయును. సమత్వమునకు వేఱు చిహ్నము లేదు. ఆ యమరికయే చిహ్నము.

భాస్కరుని యుదాహరణ మొకటి చూడఁదగును. ఒకనికడ 300 రూపములును ఆఱు గుఱ్ఱములును గలవు. మఱియొకనికిఁ బది గుఱ్ఱములు గలవు, 100 రూపముల ఋణమును గలదు. గుఱ్ఱముల వెల యొక్కటే. ఇరువురి ధనమును సమము. గుఱ్ఱము వెల యెంత? దీని న్యాసమిట్లుండును:

యా 6 రూ 300
యా 10 రూ 100

రెండవ వరుసయందలి 100 మీఁద ఋణబిందువుండవలయును. అది యున్నచో నాలుగు గుఱ్ఱముల వెల 400 అయి, గుఱ్ఱమునకు 100 వచ్చును. లేఖకుఁ డేమఱి యా బిందువును విడిచెనా, నాలుగు గుఱ్ఱముల వెల 200 అయి, గుఱ్ఱమునకు 50 మాత్రమే వచ్చును. శ్లోకమున నొక యక్షరము జాఱినచో ఛందస్సు కుంటుపడి చదువరిని హెచ్చరించును. న్యాసమునఁ జుక్క జాఱినచో హెచ్చరించువారు లేరు; తప్పు లెక్కయు నొప్పు లెక్కవలెనే చక్కఁగా ముగియును. సమీకరణ లేఖనమున శ్రద్ధ యలంకారము గాక ప్రామాణ్యమునకే ఆధారమగుట యీ కారణముచేతనే.

ఐరోపాఖండమునను మొదట నన్నియు మాటలలోనే వ్రాయఁబడెను. 1557లో వేల్సుదేశీయుఁడగు రాబర్టు రికార్డు, బుద్ధికి సానరాయి యను నర్థమిచ్చు పేరుగల తన యాంగ్లగ్రంథమున, 'సమము' అను మాటను మాటిమాటికి వ్రాయు శ్రమ తప్పించుకొనుటకై రెండు సమాంతర రేఖలను జిహ్నముగా నుంచెను. జంట సమాంతర రేఖలకంటె సమమైనవి వేఱు రెండు లేవని యాతఁడు చెప్పిన హేతువు. 1591లో ఫ్రాన్సు దేశీయుఁడగు ఫ్రాన్స్వా వియేట్ తెలియని రాశులకు అచ్చులను, తెలిసిన రాశులకు హల్లులను వాడెను. వర్ణములను అచ్చులు, హల్లులు అని విభజించి వేర్వేఱు కార్యములకు నియోగించుట వైయాకరణుల కెంత పరిచితమో చెప్పనక్కఱలేదు. 1637లో రెనే డెకార్ట్ తన జ్యామితిగ్రంథమున అవ్యక్తములకు రోమను వర్ణమాల చివరి యక్షరములను గ్రహించి, ఘాతాంకమును జిన్నయంకెగాఁ బైకెత్తి వ్రాసెను. నేఁటి సమీకరణపు మొగము అక్కడనే యేర్పడెను.

ఘాతాంకము పైకెక్కినతోడనే అచ్చుకూటమునకుఁ గష్టము మొదలయ్యెను. సీసపు టక్షరములు ఒకే యెత్తుగల వరుసలో బిగింపఁబడును. వరుసను దాఁటి పైకిఁబోవు అంకెకు వేఱు చిన్న యచ్చు, దాని క్రింది ఖాళీకి వేఱు లోహపు ముక్క, భిన్నమునకు నడుమ గీఁత, దాని పైని క్రిందను మఱి రెండు వరుసలు: ఇన్నియుఁ జేతితో నమర్పవలసి వచ్చెను. తెలుఁగు కంపోజిటర్లకు గుణింతపు గుఱుతులను బైని, ఒత్తులను గ్రిందను గూర్చుట నిత్యకృత్యమే గాన ఈ శ్రమ సులభముగా నర్థమగును. లైబ్నిట్సు పండితుఁడు 1698లో నొక లేఖయందు, గుణకారమునకు వాడు వాలుగీఁతల గుఱుతు అవ్యక్తమునకు వాడు రోమనక్షరమువలెఁ గనఁబడి భ్రాంతి కలిగించునని చెప్పి, బిందువును గ్రహించెను. చిహ్నమును గల్పించువాఁడు దాని యర్థమునే గాక ప్రక్కనున్న యక్షరముతోడి పోలికనుగూడ విచారింపవలయునని యాతని తాత్పర్యము.

భిన్నమును ఒక్క వరుసలోఁ జేర్చు నుపాయమునుగూడ గణితజ్ఞులే చెప్పిరి. ఆగస్టస్ డీ మోర్గన్ 1840ల దశకమున, అంశహారముల నడుమ వాలుగీఁత నుంచి భిన్నము నొక్క వరుసలో వ్రాయవచ్చునని సూచించెను. 1880లో జార్జి స్టోక్సు తన గ్రంథసంపుటమున దాని నాదరించెను. అచ్చువారి శ్రమ తగ్గెను. కాని కొత్త చిక్కు వచ్చెను. 6+4 అనుదానిని గీఁతపైని, 2 అనుదానిని గీఁత క్రిందను వ్రాసినచో ఫలము 5. దానినే 6+4/2 అని యొక్క వరుసలో వ్రాసినచో ఫలము 8. పొడవైన యడ్డగీఁత భాగహారమును దెలుపుటయే గాక, తనపైనున్న పదములనెల్ల నొక్క కట్టుగాఁ గట్టి కుండలీకరణపు పనియుఁ జేయుచుండెను. గీఁత పోఁగానే యా కట్టు తెగిపోయెను. (6+4)/2 అని కుండలులతో వ్రాసినఁగాని మొదటి యర్థము రాదు. సమాసమును విగ్రహవాక్యముగా విప్పినపుడు లోపించిన విభక్తులను మరలఁ జేర్పవలసి వచ్చుటవంటిదే యిది.

చేతి యచ్చునకుఁ బిదప వచ్చిన టైపు యంత్రమున గణితమునకుఁ జోటు చాలలేదు. ప్రబంధములు వ్రాయువారు సమీకరణముల చోట ఖాళీ విడిచి, తరువాత సిరాతోఁ బూరించెడివారు. 1961లో ఐబీఎం వారి సెలెక్ట్రిక్ యంత్రము వచ్చిన పిదప, అక్షరములుగల గుండును మార్చి గణితచిహ్నముల గుండు నెక్కించు సదుపాయము కలిగెను. అయినను ఒక్కొక్క చిహ్నమునకై గుండును మార్చి మార్చి కొట్టుట యోపికకుఁ బరీక్షయే.

కంప్యూటరు వచ్చిన తరువాత ఈ ప్రశ్న రూపము మాఱెను. అమెరికాదేశమున బెల్ పరిశోధనాలయమునందు బ్రయన్ కెర్నిఘన్, లోరిండా చెర్రీ యనువారు 'ఈక్యుఎన్' అను వ్యవస్థను నిర్మించి, 1975లో దానినిగూర్చి వ్యాసము ప్రకటించిరి. గణితము నెఱిఁగినవాఁడు సమీకరణమును నోటితో నెట్లు చదివి వినిపించునో అట్లే టైపు చేయవలయుననునది దాని మూలసూత్రము. పైయంకెకు 'సూప్', క్రిందియంకెకు 'సబ్', భిన్నమునకు 'ఓవర్' అను మాటలు చాలును; వానిని జదివి యంత్రము నిలువు నడకను దానే యమర్చును. ఆ మాటల యన్వయమునకు వారొక వ్యాకరణమును వ్రాసిరి. ఆ వ్యాకరణమునుబట్టి వాక్యమును విడఁగొట్టుట యంత్రము పని. ఇట్టి కృత్రిమభాషల వ్యాకరణములను వ్రాయుటకు జాన్ బ్యాకస్, పీటర్ నౌర్ అనువారి పేర నొక పరిభాష యప్పటికే ప్రచారమున నుండెను. దానికిఁ బాణిని పేరును జేర్చుట న్యాయమని పీటర్ ఇంగర్మన్ అనునాతఁడు 1967లో నొక ప్రకటనయందు సూచించెను.

ఇంతకంటె లోఁతైన పరిష్కారము స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయాచార్యుఁడగు డొనాల్డు నూత్ చేసినది. ఆతని 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' అను గ్రంథమున రెండవ సంపుటము తొలికూర్పు సీసపు టచ్చులతో వెలువడెను. రెండవ కూర్పుకై 1977లో వచ్చిన కొత్త ఛాయాముద్రణపు ప్రూఫులు వికారముగా నుండుట చూచి యాతఁడు ఖిన్నుఁడై, తానే యొక ముద్రణవ్యవస్థను నిర్మింపఁ బూనెను. అదియే 'టెక్'. కళయు నేర్పును ననునర్థముల గ్రీకుశబ్దమునుండి యా పేరు వచ్చినది. 1978లోఁ దొలిరూపమును, 1982లోఁ బునారచితరూపమును వెలువడెను. లెస్లీ లాంపోర్ట్ దానిపైఁ గట్టిన 'లేటెక్' నేఁటికిని గణితజ్ఞుల నిత్యసాధనము.

టెక్ వ్యవస్థయందు గణితచిహ్నములన్నియు వర్గములుగా విభజింపఁబడినవి: సామాన్యములు, మహాక్రియాచిహ్నములు, రెండు పదములను గలుపు క్రియాచిహ్నములు, సంబంధచిహ్నములు, తెఱచు కుండలులు, మూయు కుండలులు, విరామచిహ్నములు, అంతర్గతములు అని యెనిమిది. ప్రక్కప్రక్కనున్న రెండు చిహ్నముల నడుమ నెంత యెడముండవలయునో, వాని వర్గములనుబట్టి యొక పట్టిక నిర్ణయించును. సమచిహ్నమున కిరువైపుల నెడము హెచ్చు. కూడిక తీసివేత గుఱుతులకు దానికంటెఁ దక్కువ. విరామచిహ్నము తరువాత మఱింత తక్కువ. వ్రాయువాఁ డెడమును జెప్పనక్కఱలేదు; చిహ్నముల సాన్నిధ్యమే దానిని గలిగించును. మఱియు నొక విశేషము: 'అ − ఇ' యనుచోటఁ దీసివేత గుఱుతు రెండు పదములను గలుపుచున్నది గాన దాని కిరువైపుల నెడముండును. '−ఇ' యని మొదటనే వచ్చినచోఁ గలుపుటకు ముందు పదము లేదు. అప్పుడా గుఱుతు సామాన్యవర్గమునఁ జేరి, అక్షరము నంటి నిలుచును. వర్ణము స్వరూపమున నొక్కటియే యైనను పూర్వపరవర్ణములనుబట్టి కార్యము మాఱుట సంధిప్రకరణమునఁ బ్రసిద్ధము. నూత్ పాణినీయము ననుసరించి దీనిని జేసెనని చెప్పుటకు వీలులేదు. సమానమైన సమస్యకు సమానమైన యుపాయము పుట్టినదని మాత్రము చెప్పఁదగును.

నూత్ తన వ్యవస్థకుఁ గొత్త విశేషములను జేర్చుట మాని, దోషములను దిద్దుటతోడనే తృప్తిపడెను. ప్రతిసంస్కరణమునకును సంచికసంఖ్యయం దొక దశాంశస్థానము పెరిఁగి, వృత్తపరిధి వ్యాసముల నిష్పత్తికి దగ్గఱగును. 2021నాఁటి సంఖ్య 3.141592653. నేఁడు వ్రాసిన సమీకరణము ఏఁబదియేండ్లకుఁ బిదపను అదే రూపమున వెలువడవలయుననునది యా నియమమునకు హేతువు.

సామాన్యలేఖకులు టెక్ మార్గమునఁ బోలేదు. వారికిఁ గన్నుల కెదుట రూపము కనఁబడుచుండఁగా వ్రాయు పదసంస్కరణములే యభిమతములు. అట్టివానిలోఁ బ్రసిద్ధమగు మైక్రోసాఫ్టు వర్డు 1983లో వెలువడెను. 1990ల దశకమున డిజైన్ సైన్స్ అను సంస్థ నిర్మించిన 'ఈక్వేషన్ ఎడిటర్' దానితోఁ గూడి ప్రచారమునకు వచ్చెను. అందు భిన్నము, మూలము, సంకలనము మొదలగువాని ఖాళీ మూసలు పట్టికగా నుండును. కావలసిన మూసను దెచ్చి యందు సంఖ్యలను నింపవలయును. 2007లోని వర్డునందుఁ గొత్త పద్ధతి వచ్చినది. భౌతికశాస్త్రవేత్తయగు మర్రే సార్జెంట్ రూపొందించిన యా పద్ధతియందు ఆల్ట్ మీటతో సమచిహ్నపు మీటను నొక్కి, (6+4)/2 అని యొక్క వరుసలో టైపు చేసి, పదాంతరము నిచ్చినచో, అది నిలువు భిన్నముగాఁ దానే మాఱును. అపుడు కుండలులు మాయమగును. అడ్డగీఁతయే కట్టును దెలుపును గాన కుండలుల కిఁకఁ బనిలేదు. చెప్పఁబడిన యర్థమునకు మరల శబ్దప్రయోగ మక్కఱలేదను వైయాకరణన్యాయ మిచటఁ బ్రత్యక్షము. స్టోక్సు నాఁడు తెగిపోయిన కట్టు ఇట్లు మరల ముడివడెను: వ్రాయుటకు వరుస, చదువుటకు నిలువు.

ఇంతలోఁ బాత వ్యవస్థకుఁ గాలము తీఱెను. 2017 నవంబరులో 'ఈక్వేషన్ ఎడిటర్' నందు దుండగులు కంప్యూటరులోఁ జొచ్చుటకుఁ దగిన యొక లోపము వెల్లడి యయ్యెను. అది 17 సంవత్సరములుగా నందే యుండినది. 2018 జనవరిలో మైక్రోసాఫ్టువారు దానినిఁ దొలగించిరి. అప్పటి కాలమునఁ బాత పత్రములఁ దెఱచినవారికి సమీకరణములు కంటికిఁ గనఁబడెను. కాని యితర సాధనము లేనిదే యొక యంకెనైన మార్చుటకు వీలులేకపోయెను. రూపము నిలిచెను, ప్రక్రియ పోయెను. సిద్ధరూపము మాత్రము కంఠస్థమై ప్రకృతిప్రత్యయవిభాగము మఱచినవాని స్థితి యిట్టిదే: ఉన్నపదమును బలుకఁగలఁడు, కొత్తపదమును సాధింపలేఁడు.

రూపము నిలిచినంతమాత్రమున అర్థము నిలుచునా యనునది తరువాతి విచారము. అక్షరమునకుఁ బైని 2 ఉన్నచో అది వర్గము కావచ్చును, రెండవది యని తెలుపు సూచిక కావచ్చును. జ్యాశబ్దముపై ఋణమొకటి యుంచినచో విలోమజ్యయో, జ్యచేత నొకటిని భాగించిన ఫలమో సందర్భము చెప్పవలయును. 1998 ఏప్రిలులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియమువారు ప్రకటించిన 'మ్యాథ్‌ఎమ్‌ఎల్' అను లేఖనపద్ధతి ఈ భేదమును గుర్తించి రెండు తెఱఁగుల సంకేతములను గల్పించెను. ఒకటి కంటికిఁ గనఁబడు నమరికను దెలుపును. రెండవది యభిప్రేతమైన యర్థమును దెలుపును. శబ్దార్థముల నెడఁబాటులేని జంటగాఁ దలఁచు సంప్రదాయమువారికి ఈ విభాగము వింతగాఁ దోఁచవచ్చును. కాని కన్నులులేని విద్యార్థి విషయమున దీని ప్రయోజనము తెలియును. సమీకరణమును బొమ్మగా నతికించినచో, పుటను జదివి వినిపించు యంత్ర మచటికి వచ్చి మూగవోవును. సంకేతములతో వ్రాసినచో, అంశమిది, హారమిది, ఘాతమిది యని వరుసగాఁ జెప్పఁగలదు. చూపుగలవానికి రెండును నొక్కటే. చూపులేనివానికి ఒకటి పాఠము, రెండవది శూన్యము.

తెలుఁగులిపికిని ఈ చరిత్రముతో సంబంధము గలదు. తెలుఁగున 'క్ష' యను సంయుక్తాక్షరము కంటి కొక్క గుంపుగాఁ గనఁబడును. ఒత్తు క్రిందికి దిగును. 1991నాఁటి యూనికోడ్ తొలికూర్పునుండియుఁ దెలుఁగున కేర్పడిన విధానమున నిది కకారము, పొల్లు, షకారము అని యొక్క వరుసలో నిలువఁజేయఁబడును; తెరపై నిలువురూపము నిచ్చుట అక్షరరూపముల పని. పొల్లిచట ధ్వనిలేని యక్షరము గాదు, తరువాతి హల్లును గ్రిందికి దింపు నాజ్ఞ. సార్జెంట్ పద్ధతియందు వాలుగీఁత చేయు పనియు నిదియే. తెలుఁగు టైపు చేయు ప్రతివాఁడును దెలియకయే సమీకరణలేఖనపు మూలసూత్రము నాచరించుచున్నాఁడు. 2008లో యూనికోడ్ 5.1 కూర్పునందుఁ దెలుఁగువారి పాత భిన్నాంకములును జేరినవి. కాలు, అర, ముక్కాలు అనువానికి నిలువుగీఁతలు, వీసపు లెక్కకు అడ్డగీఁతలు: ఇట్లు నాలుగింటఁ జతుర్థాంశముగా దిగు ప్రతి స్థానమునకును గీఁతల దిక్కు మాఱును. అంశహారములు లేకయే భిన్నము నొక్క వరుసలో వ్రాయు నుపాయము కరణముల లెక్కలలో నిట్లుండెను. ఆ గుఱుతులు వాడుక తప్పినను, పాత లెక్కల ప్రతులను యథాతథముగా నెత్తి వ్రాయుట కిపుడు వీలు కలిగినది.

ఈ చరిత్రమంతయుఁ బరిశీలింపఁగా నొక విషయము తేలుచున్నది. భాస్కరుని బిందువువలె రూపమునందు మాత్రమే యర్థము నిలిచినచోట, లేఖకుని యేమఱుపాటు దానిని హరించును. రూపమును బుట్టించు నియమము వ్రాఁతయందే నిలిచినచోట, సాధనము మాఱినను సమీకరణము మరల సిద్ధించును. ప్రశ్నపత్రములను, పాఠ్యగ్రంథములను గూర్చు పండితులు సమీకరణమును బొమ్మగాఁ గాక సంకేతరూపమున వ్రాసి భద్రపఱచుట యీ కారణముచేఁ గర్తవ్యమగుచున్నది. రేపటి లేఖకుఁడు దానిని దిద్దఁగలుగవలయును. చూపులేని బాలుఁడును దానిని వినఁగలుగవలయును. కన్నులుగలవానికిని లేనివానికిని, నేఁటివానికిని రేపటివానికిని ఆ పాఠ మొక్కటిగా నందినపుడు, ముందు సమముగా లేనిది సమమగును. చ్విప్రత్యయార్థము లెక్కయందే గాక లేఖనమునను సార్థకమగును.